అల్లిక స్టూడియో ఎవరితో చేయి కలపాలి: ఫ్యాషన్ డిజైనర్‌తోనా, ఫర్నిచర్ డిజైనర్‌తోనా?

నేత గుడ్డకు ఒక క్రమం ఉంది. ముందు మగ్గం మీద గుడ్డ తయారవుతుంది. ఆ తర్వాతే దర్జీ గానీ సోఫాలు కట్టే పనివారు గానీ దాన్ని కత్తిరించి ఆకారంలోకి తెస్తారు. అల్లికలో, అంటే స్వెటర్ల మాదిరి లూపులతో చేసే నిట్టింగ్‌లో, ఈ రెండు పనులూ ఒకేసారి జరగవచ్చు. స్వెటర్ చేతికి కావలసిన ఏటవాలునైనా, కుర్చీ వీపుకు కావలసిన వంపునైనా మెషీన్ సూదుల మీదే లూపులు పెంచుతూ, తగ్గిస్తూ తీసుకురావచ్చు. అల్లిక స్టూడియోలు డిజైనర్లతో కలిసి చేసే పనుల మంచిచెడ్డలు చాలావరకు ఈ ఒక్క విషయం దగ్గరే తేలిపోతాయి. దుస్తు కత్తిరింపు ప్యాటర్న్ గానీ కుర్చీ ఫ్రేమ్ గానీ ఖరారు కాకముందే స్టూడియోను పిలిస్తే అక్కడ జరిగేది ఉమ్మడి రూపకల్పన. అన్నీ ఖరారయ్యాక పిలిస్తే స్టూడియో చేసేది గుడ్డ సరఫరా. సరఫరా చేయడంలో తప్పేమీ లేదు గానీ, దాని ధర వేరు, ఒప్పందం వేరు, దాని మీద పెట్టుకోవలసిన ఆశలు కూడా వేరు.

నిట్‌వేర్ (అల్లిక దుస్తుల) డిజైన్ చదివి హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు లాంటి నగరాల్లో చిన్న స్టూడియో ప్రారంభించినవారిని, ప్రారంభించాలనుకుంటున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను. వారి ముందు సాధారణంగా ఐదు దారులుంటాయి: ఒక ఫ్యాషన్ డిజైనర్‌తో కలిసి సీజన్ కలెక్షన్ చేయడం, ఒక ఫర్నిచర్ డిజైనర్‌తో కలిసి ఒకే వస్తువు మీద పనిచేయడం, అప్‌హోల్‌స్టరీ గుడ్డల (సోఫాలకు, కుర్చీలకు తొడిగే గుడ్డల) కంపెనీకి డిజైన్‌ను లైసెన్సు మీద ఇవ్వడం, నమూనా ముక్కలను అంటే స్వాచ్‌లను అమ్మడం, పరిమిత సంఖ్యలో చేతి అల్లిక వస్తువులు చేయడం. అవతలి పక్షాన ఉన్న డిజైనర్లకు పనికొచ్చే మాటలు కూడా చివర్లో ఉన్నాయి.

## దారి ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది, పనిలోకి మీరు అడుగుపెట్టే సమయం. దీని గురించి పైన చెప్పాను. మిగతా కొలమానాలన్నీ దీని తర్వాతే వస్తాయని నా గట్టి అభిప్రాయం.

రెండోది శాంపిల్ ఖర్చు. ఒక జాకార్డ్ ప్యానెల్, అంటే రంగుల నమూనాతో అల్లిన ముక్క, చేతికి రావాలంటే ప్రోగ్రామ్ రాయాలి, నూలు తెప్పించాలి, మెషీన్ మీద దారం బిగువును అంటే టెన్షన్‌ను సరిచేయాలి, అల్లిన ముక్కను ఉతికి ఆవిరి పట్టించి, అది ఎంత కుదించుకుపోయిందో కొలిచి, ఆ తేడాను మళ్లీ ప్రోగ్రామ్‌లోకి తీసుకెళ్లాలి. మొదటిసారి అల్లిన ముక్కే చివరి ముక్క కావడం చాలా అరుదు. ఈ గంటల ఖర్చు ఎవరు భరిస్తారన్నది నోటిమాటగా వదిలేస్తే, అది చివరికి స్టూడియో నెత్తినే పడుతుంది.

మూడోది, గుడ్డ తట్టుకోవలసిన పరీక్షలు. రాపిడిని కొలవడానికి వాడే మార్టిండేల్ పరీక్షలో గుడ్డ ముక్కను ఉన్ని గుడ్డకేసి వేలసార్లు రుద్దుతారు. బట్టలకైతే 9 కిలోపాస్కళ్ల ఒత్తిడి, ఫర్నిచర్ గుడ్డలకైతే 12 కిలోపాస్కళ్ల ఒత్తిడి పెడతారు. ఇళ్లలో రోజూ వాడే సోఫాకు ఆ లెక్క 20,000 దాటాలని, ఆఫీసులకూ హోటళ్లకూ వెళ్లే కుర్చీలకు 40,000 దాకా ఉండాలని అడగడం పరిపాటి. అల్లికకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. నేత గుడ్డలో రెండు వేర్వేరు దారాలు పూర్తిగా తెగితే పరీక్ష ముగిసినట్టు లెక్క. అల్లికలో ఒక్క దారం తెగి రంధ్రం పడితే చాలు. ఒక లూప్ తెగితే పక్క లూపులు కూడా జారిపోతాయి కాబట్టి ఈ నియమం న్యాయమైనదే. రాపిడితో పాటు ఉండలు కట్టడం కూడా చూస్తారు. దీనికి 1 నుంచి 5 వరకు గ్రేడ్లుంటాయి. 5 అంటే ఉండలు కట్టలేదని అర్థం. మెత్తగా, వదులుగా వడికిన ఉన్ని నూలు చేతికి ఎంత హాయిగా ఉంటుందో అంత త్వరగా ఉండలు కడుతుంది.

నాలుగోది మెషీన్, దాని మీద తీయగలిగిన సంఖ్య. గేజ్ అంటే అంగుళానికి ఉండే సూదుల సంఖ్య. లావు స్వెటర్లు 5, 7 గేజ్‌లలో, పల్చటి స్వెటర్లు 12, 14 గేజ్‌లలో వస్తాయి. టీషర్టులకు వాడే బనియన్ గుడ్డ గొట్టంలా అల్లే 24, 28 గేజ్ సర్క్యులర్ మెషీన్ల మీద అల్లుతారు. చాలా స్టూడియోలు మొదట వాడే పాత బ్రదర్ ఇంటి మెషీన్‌కు 4.5 మిల్లీమీటర్ల దూరంతో 200 సూదులుంటాయి, అంటే సూదుల వరుస ఉండే బెడ్ మొత్తం వెడల్పు 90 సెంటీమీటర్లే. ఆవిరి పట్టాక మిగిలే వెడల్పు ఇంకా తక్కువ. దాని మీద స్వాచ్‌లు, స్వెటర్ ప్యానెళ్లు, దిండు కవర్లు చక్కగా వస్తాయి గానీ, మూడు సీట్ల సోఫా వీపును అతుకు లేకుండా కప్పడం సాధ్యం కాదు. పెద్ద సంఖ్యలో కావాలంటే సర్క్యులర్ మెషీన్లకు తిరుప్పూర్, ముక్కలను పలకలా అల్లే ఫ్లాట్ మెషీన్లకు లూధియానా వైపు చూడవలసిందే.

చివరిది హక్కులు. దీనికి విడిగా ఒక భాగం కేటాయించాను.

| దారి | ఎప్పుడు అడుగుపెడతారు | శాంపిల్ ఖర్చు | ప్రధాన పరీక్ష | డబ్బు వచ్చే తీరు |
|---|---|---|---|---|
| ఫ్యాషన్ డిజైనర్‌తో కలెక్షన్ | స్కెచ్ దశలో, కొన్నిసార్లు ఆ తర్వాత | పంచుకోవాలి | ఉతుకు, సాగుడు, ఉండలు | శాంపిల్ రుసుము, ఆపై వస్తువుకు ఇంత అని |
| ఫర్నిచర్ డిజైనర్‌తో ఒక వస్తువు | ఫ్రేమ్ గీసే దశలోనే ఉండాలి | ఎక్కువ. తయారీదారు భరించాలి | రాపిడి, సాగి తిరిగి రావడం, మంట | అభివృద్ధి రుసుము, రాయల్టీ |
| గుడ్డల కంపెనీకి లైసెన్సు | వస్తువు ఆకారంతో సంబంధం లేదు | మొదట మీది, తర్వాత కంపెనీది | అన్ని పరీక్షలూ | అడ్వాన్సు, మీటరుకు రాయల్టీ |
| స్వాచ్ అమ్మకం | అందరికంటే ముందు, కానీ వెంటనే బయటికి | పూర్తిగా మీది | ఏమీ లేదు | ఒక్కసారే |
| పరిమిత చేతి అల్లిక | మొదటి నుంచి చివరి వరకు | మీది, లేదా గ్యాలరీతో పంచుకుని | కొనేవారి వాడకాన్ని బట్టి | వస్తువు అమ్మిన ధరలో వాటా |

## ఫ్యాషన్ డిజైనర్‌తో కలెక్షన్

ఈ దారిలో అన్నిటికంటే ఆకర్షించేది వేగం. సీజన్ తేదీ ముందే తెలుస్తుంది, నిర్ణయాలు ఆలస్యం కావు, ఆరు నెలల్లో మీ పని వేదిక మీద కనిపిస్తుంది. మనిషి శరీరం మీద అల్లిక చూపే గుణం, అంటే కదలికతో పాటు సాగి మళ్లీ తన రూపానికి రావడం, మరే గుడ్డకూ అంత సులభంగా రాదు. ఫ్యాషన్ డిజైనర్ అజ్జెదీన్ అలాయా చేసిన అల్లిక దుస్తులు శరీరానికి అంతగా అమరడం వెనుక ఇటలీలోని విచెంజాకు చెందిన మాలిఫిచో మైల్స్ లాంటి అల్లిక కర్మాగారంతో ఆయనకున్న సంబంధం ఉంది. డిజైనర్ ఊహను లూపుల భాషలోకి తెచ్చే నేర్పు అలాంటి చోట్లే పెరుగుతుంది. స్వీడన్ డిజైనర్ సాండ్రా బ్యాక్‌లండ్ కథ కూడా ఇక్కడ చెప్పుకోదగ్గది. శిల్పాల్లాంటి భారీ చేతి అల్లికలతో ఆమె 2007లో ఫ్రాన్స్‌లోని ఇయేర్ ఫ్యాషన్ ఉత్సవంలో ప్రధాన బహుమతి గెలుచుకున్నారు. అలాంటి ఒక్కో దుస్తును చేత్తో అల్లుతూ పోతే అమ్మడానికి సరిపడా సంఖ్య ఎప్పటికీ రాదు. ఆ తర్వాత ఆమె మైల్స్‌తోనే కలిసి, అదే రూపభాషను మెషీన్ అల్లికలోకి తెచ్చారు. చేతిపనికి పేరు తెచ్చుకుని సంఖ్య దగ్గర ఆగిపోతున్న మన స్టూడియోలు గమనించవలసిన మార్గం ఇది.

మరింత ముందుకు వెళ్లిన ఉదాహరణ జపాన్ డిజైనర్లు ఇస్సే మియాకే, దాయ్ ఫుజివారా కలిసి 1998లో బయటికి తెచ్చిన ఎ-పాక్ అనే దుస్తుల పద్ధతి. మెషీన్ నుంచి గొట్టంలా ఒకే పొడవాటి అల్లిక గుడ్డ వస్తుంది. దుస్తులు, సంచులు దానిలోనే గీతలుగా ఉంటాయి. కొన్నవారు కత్తెరతో ఆ గీతల వెంబడి కత్తిరించుకుంటారు, అంచులు జారిపోవు. ఇక్కడ గుడ్డ ఎక్కడ ముగిసిందో దుస్తు ఎక్కడ మొదలైందో విడదీసి చెప్పలేం. టెక్స్‌టైల్ పని తెలిసినవారు మొదటి రోజు నుంచీ పక్కన లేకపోతే ఈ ఆలోచన పుట్టే అవకాశమే లేదు.

ఈ దారిలోని కష్టాలు బయటివారికి అంతగా కనిపించవు. ఒక సైజుకు కుదిరిన ప్రోగ్రామ్ మరో సైజుకు అలాగే పనికిరాదు. డిజైన్ రిపీట్ (మళ్లీ మళ్లీ వచ్చే భాగం) 24 లూపులదైతే, సైజు పెంచేటప్పుడు ఎన్ని లూపులు చేర్చినా ఆ రిపీట్ పక్క అతుకు దగ్గర తెగిపోకుండా చూసుకోవాలి. ఆపై లింకింగ్, అంటే అల్లిన ముక్కలను లూప్‌కు లూప్‌గా కలపడం. లింకింగ్ మెషీన్ అంచు చుట్టూ పళ్లలా నిలబడి ఉండే పిన్నుల మీద, కాలర్‌లోని ప్రతి లూప్‌నూ ఒక్కొక్కటిగా ఎక్కించాలి. 12 గేజ్ పనిలో ఆ లూపులు ఎంత సన్నగా ఉంటాయంటే, పనిచేసేవారు వెలుతురు వైపు తిరిగి, చివరి అడ్డ వరుసకు వేరే రంగు దారం కలిపి, దాన్ని ఆనవాలుగా పెట్టుకుని ఎక్కిస్తారు. ఒక్క లూప్ తప్పినా కొన్నాళ్లకు అక్కడి నుంచే మెడ జారడం మొదలవుతుంది. జపాన్‌లోని వకయామాకు చెందిన మెషీన్ల కంపెనీ షిమా సెయికి 1995లో చూపిన హోల్‌గార్మెంట్ మెషీన్లు అతుకులే లేకుండా పూర్తి దుస్తును అల్లి ఇస్తాయి గనుక ఈ పనిని చాలావరకు తప్పిస్తాయి. అయితే అందుకు తగిన మెషీన్, దాన్ని నడిపించే ప్రోగ్రామర్ దొరకాలి.

మన వాతావరణం కూడా లెక్కలోకి రావాలి. తెలుగు రాష్ట్రాల్లో ఉన్ని స్వెటర్ వేసుకునే రోజులు చాలా తక్కువ. ఇక్కడి డిజైనర్‌తో పనిచేస్తే పత్తి నూలు, లినెన్, విస్కోస్ లాంటి దారాలతో, గాలి ఆడే లేస్ అల్లికలతో ఆలోచించాలి. పత్తి నూలుకు సహజంగా సాగుడు తక్కువ, ఒకసారి సాగితే వెనక్కి రావడం ఇంకా తక్కువ. మోచేతుల దగ్గర సంచిలా వేలాడుతుంది. దారంతో పాటు కొద్దిగా ఎలాస్టేన్ (సాగే దారం) నడపడమో, నిలువు గాడులతో సాగే రిబ్ నిర్మాణం ఎంచుకోవడమో మొదటి శాంపిల్‌లోనే తేల్చుకోవాలి.

అతిపెద్ద ప్రమాదం సీజన్‌దే. సీజన్ ముగిస్తే ఆ గుడ్డ పని కూడా ముగుస్తుంది. వేదిక మీద చప్పట్లు వచ్చిన కలెక్షన్‌కు దుకాణాల నుంచి ఆర్డర్లు రాకపోవచ్చు. అందుకే రాబోయే ఆర్డర్ల మీద ఆశ చూపి శాంపిళ్లు ఉచితంగా అడిగే ఒప్పందానికి ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతాను.

## ఫర్నిచర్ డిజైనర్‌తో ఒకే వస్తువు మీద

కుర్చీలకు అల్లిక ఎందుకు అవసరమైందో తెలుసుకోవాలంటే పియర్ పోలాన్ పని చూడాలి. 1950లలో ఫర్నిచర్ కంపెనీ థోనేకి పనిచేస్తున్నప్పుడు ఈ ఫ్రెంచ్ డిజైనర్ ఈత దుస్తులకు వాడే సాగే గుడ్డను కుర్చీలకు తొడగవచ్చని కనిపెట్టారు. ఆ తర్వాత డచ్ కంపెనీ ఆర్టిఫోర్ట్‌కు చేసిన మష్రూమ్ (1960), రిబ్బన్ (1966), టంగ్ (1967) కుర్చీల్లో ఉక్కు చట్రం, దాని మీద ఫోమ్, ఆపై సాగే గుడ్డ ఉంటాయి. రెండు దిశల్లో వంగిన ఉపరితలం మీద నేత గుడ్డను ముడతలు లేకుండా పరచాలంటే దాన్ని అనేక ముక్కలుగా కోసి అతకాలి. సాగే గుడ్డకు ఆ అవసరం ఉండదు. సాగే గుడ్డ ఉందని తెలిసిన తర్వాతే అలాంటి ఆకారాన్ని గీసే ధైర్యం వచ్చింది. ఒలివియే ముర్గ్ 1965లో రూపొందించిన జిన్ కుర్చీ కూడా ఈ కోవలోనిదే.

మరో మెట్టు పైకి తీసుకెళ్లింది రోనన్, ఎర్వాన్ బురులెక్ సోదరులు విట్రా కంపెనీ కోసం 2006లో చేసిన స్లో చెయిర్. బలమైన అల్లిక గుడ్డను మేజోడులా ఉక్కు గొట్టాల చట్రం మీద తొడిగారు. గుడ్డే మనిషి బరువును మోస్తుంది కాబట్టి మందపాటి ఫోమ్ పొరలు అక్కర్లేదు. పెద్ద కుర్చీ అయినా చూపులో తేలిగ్గా, వెనకున్నది కనిపించేంత పారదర్శకంగా ఉంటుంది. ఇక్కడ అల్లిక అలంకారం కాదు, కుర్చీ నిర్మాణంలోనే భాగం. ఫర్నిచర్ డిజైనర్‌తో చేయి కలపాలనుకునే స్టూడియో ఆశించవలసినది ఈ స్థాయి పాత్ర అని నేను నమ్ముతాను.

అంత పాత్ర దక్కాలంటే గుడ్డ కూడా అంత పని చేయాలి. స్వాచ్ బల్ల మీద పరిచినప్పుడు ముదురు నీలం నిండుగా ఉంటుంది. దాన్నే కుర్చీ చెయ్యి మూల మీదికి లాగి బిగిస్తే లూపులు విచ్చుకుని, మధ్యలోంచి లోపలి తెల్లటి ఫోమ్ చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. జాకార్డ్‌లో గుండ్రటి చుక్క గుడ్డు ఆకారానికి సాగుతుంది, నిలువు గీత మూల దగ్గర పక్కకు వంగుతుంది. అందుకే స్వాచ్‌ను ఎప్పుడూ బల్ల మీద చూసి ఒప్పుకోకూడదు. వస్తువులో అత్యంత పదునైన వంపు ఏదో అడిగి తెలుసుకుని, దాని మీద బిగించి చూడాలి. ఫోమ్‌కు గుడ్డ రంగులోనే లోపలి పొర వేయడం, రెండు బెడ్‌ల మీద అల్లే మందమైన నిర్మాణాన్ని ఎంచుకోవడం, సాగే చోట లూప్ పొడవు తగ్గించడం వంటి ఉపాయాలున్నాయి. చివరిది ఫ్లాట్ మెషీన్ మీద, అదీ వస్తువు ఆకారం ముందే తెలిసినప్పుడే సాధ్యం.

రెండో సమస్య కూర్చునే చోట గుడ్డ వదులైపోవడం. మనిషి లేచాక లోతు అలాగే మిగిలితే ఆ కుర్చీ నెల తిరగకుండానే పాతదైనట్టు కనిపిస్తుంది. అల్లికలోకి అడ్డంగా సాగని దారాన్ని దూర్చి పంపడం, వేడికి కొద్దిగా కరిగి లూపులను పట్టి ఉంచే దారాన్ని కలపడం, పాలిస్టర్ వాటా పెంచడం ఇందుకు మార్గాలు. ప్రతి మార్గమూ గుడ్డ స్పర్శలోని మెత్తదనాన్ని కొంత తీసేస్తుంది. ఎంత తీసేయవచ్చన్నది స్టూడియో, డిజైనర్ కలిసి కూర్చుని, అక్షరాలా ఆ కుర్చీలోనే కూర్చుని, నిర్ణయించుకోవలసిన విషయం.

ఎగుమతి చేసే వస్తువైతే మంట పరీక్షలు కూడా ఉంటాయి. బ్రిటన్‌కు 1988 నాటి ఫర్నిచర్ అగ్ని భద్రతా నిబంధనలు, కాలిఫోర్నియాకు టీబీ 117-2013 అనే మంట ప్రమాణం వర్తిస్తాయి. ఈ పరీక్షల ఖర్చు తయారీ కంపెనీదే కావాలి. చిన్న స్టూడియో భుజాన వేసుకోవలసిన బరువు కాదది.

కాలం విషయంలో ఫ్యాషన్‌కు, దీనికి పోలికే లేదు. ఒక కుర్చీ తొలి గీత నుంచి దుకాణానికి చేరడానికి రెండు మూడేళ్లు పట్టవచ్చు, మధ్యలో ఆగిపోవచ్చు కూడా. కానీ ఒకసారి నిలబడితే దశాబ్దాలు నిలబడుతుంది. పోలాన్ 1960లలో చేసిన కుర్చీలు ఇప్పటికీ తయారవుతున్నాయి. రాయల్టీ అన్న మాటకు నిజమైన అర్థం దొరికేది ఇక్కడే. అయితే రాయల్టీ సాధారణంగా డిజైనర్ పేరు మీదే లెక్కవేస్తారు. గుడ్డకు విడిగా వాటా రాయించుకోకపోతే స్టూడియోకు దక్కేది మొదటి రుసుము మాత్రమే. రాయల్టీ దుకాణం ధర మీదా, కంపెనీ అమ్మకం ధర మీదా అన్నది కూడా ఒప్పందంలో స్పష్టంగా రాయాలి.

## మీటర్ల లెక్కన లైసెన్సు

ఏ ఒక్క కుర్చీకీ కట్టుబడకుండా, ఏ సోఫాకైనా వాడగలిగే గుడ్డగా మీ డిజైన్‌ను ఒక కంపెనీకి ఇవ్వడం మూడో దారి. డెన్మార్క్ కంపెనీ క్వాద్రాత్ ఫెబ్రిక్ పేరుతో అమ్ముతున్న అల్లిక అప్‌హోల్‌స్టరీ గుడ్డలు ఈ రంగం ఎంత ఎదిగిందో చూపిస్తాయి. నిజానికి ఇళ్లలో అల్లిక ఎప్పుడో చేరిపోయింది. నేటి పరుపుల్లో చాలావాటి పై గుడ్డ సర్క్యులర్ మెషీన్ మీద అల్లిన డబుల్ జెర్సీయే (రెండు వరుసల సూదుల మీద అల్లే మందమైన గుడ్డ), మనం గమనించమంతే.

ఈ దారిలో రంగుల వరుసలు, పరీక్షలు, నిల్వ, అమ్మకం అన్నీ కంపెనీ చూసుకుంటుంది. వదులుకునేది ఆకారాన్ని. మీ గుడ్డ ఎక్కడ ఎలా బిగిస్తారో మీకు తెలియదు కాబట్టి, ఏ వంపులోనైనా పాడవని చిన్న రిపీట్, ఏ దిశలో వేసినా బాగుండే రూపం ఎంచుకోవాలి. అల్లికలోని సాహసమంతా ఇక్కడ కొంత అణగిపోతుందన్నది నా బాధ. అయినా నెలవారీ అద్దె కట్టుకోవలసిన స్టూడియోకు మీటరు మీద వచ్చే రాయల్టీ తీసిపారేయదగ్గది కాదు. పారిశ్రామిక మెషీన్లు సొంతంగా లేనివారు ముందు ఏదైనా ప్రయోగశాలలో గుడ్డను అభివృద్ధి చేసుకోవడం మేలు. నెదర్లాండ్స్‌లోని టిల్‌బుర్గ్‌లో టెక్స్‌టైల్ మ్యూజియానికి అనుబంధంగా ఉన్న టెక్స్‌టైల్‌ల్యాబ్ అలాంటిదే: డిజైనర్లు వచ్చి, అక్కడి మెషీన్లు, నూళ్లు తెలిసిన నిపుణుల పక్కన కూర్చుని పని చేయించుకుంటారు. మన దగ్గర ఆ పాత్రను చాలావరకు జాబ్ వర్క్ యూనిట్లే (ఇతరుల ఆర్డర్లను కూలికి అల్లిపెట్టేవి) పోషిస్తున్నాయి, కానీ శాంపిల్ కోసం నడుస్తున్న మెషీన్‌ను ఆపడానికి అవి ఇష్టపడవు. మెషీన్ గంటల ధరను ముందే మాట్లాడుకుంటే ఆ తలుపు తెరుచుకుంటుంది.

## స్వాచ్‌లు అమ్మడం

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఫ్లోరెన్స్‌లో ఏడాదికి రెండుసార్లు జరిగే పిట్టి ఫిలాటి అల్లిక నూళ్ల ప్రదర్శన, పారిస్‌లోని ప్రెమియేర్ విజన్ లాంటి చోట్ల ధోరణులు చూసి, స్వాచ్‌లు తయారుచేసి, ఫ్యాషన్ సంస్థలకు పూర్తి హక్కులతో అమ్ముతారు. అడుగుపెట్టడానికి ఇంటి మెషీన్ చాలు. కొన్నవారు దాన్ని ఎలా మార్చుకున్నా, ఎన్ని వేలు అమ్ముకున్నా మీకు సంబంధం ఉండదు. మీ పేరు ఎక్కడా రాదు. చేతికి నేర్పు రావడానికి, మొదటి ఏడాది ఖర్చులు గడవడానికి మంచి మార్గం. పేరు నిలబెట్టుకోవాలనుకునేవారికి మాత్రం ఇది చివరి గమ్యం కాకూడదు.

## పరిమిత సంఖ్యలో చేతి అల్లిక

డచ్ డిజైనర్ క్రిస్టియన్ మైండర్ట్స్‌మా లావుపాటి ఉన్నితో, పెద్ద సూదులతో చేసిన అర్చిన్ పూఫ్‌లు (దిండు లాంటి పొట్టి ఆసనాలు), స్కాట్లాండ్‌లో పుట్టిన డోనా విల్సన్ తన అల్లిక భాషను లండన్ ఫర్నిచర్ సంస్థ ఎస్‌సీపీ వస్తువుల్లోకి తీసుకెళ్లిన తీరు ఈ దారికి మంచి ఉదాహరణలు. ఇక్కడ స్టూడియోయే వస్తువుకు ముఖం.

తెలుగువారికి ఇక్కడ ఒక సొంత ఆస్తి ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం చుట్టుపక్కల స్త్రీలు తరతరాలుగా చేస్తున్న క్రోషే లేస్‌కు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. క్రోషే ఒకే కొక్కెంతో, ఒక్కో లూప్‌ను పూర్తిచేసుకుంటూ పోయే పని. దాన్ని యథాతథంగా చేసే పారిశ్రామిక మెషీన్ లేదు. అందువల్ల దీని ధర అంటే మనిషి సమయపు ధరే. ముక్కకు ఇంత అని ఇచ్చే పాత పద్ధతిలో ఆ సమయం సరిగా లెక్కకు రాదు. డిజైనర్‌తో ధర మాట్లాడే ముందు ఒక ముక్కకు పట్టే గంటలు కొలిచి, గంటకు న్యాయమైన కూలి వేసి, అక్కడి నుంచి పైకి లెక్క కట్టాలి. ఆ ధరకు వస్తువు అమ్ముడుపోదనిపిస్తే డిజైన్‌ను తేలిక చేయాలి, కూలి తగ్గించకూడదు.

## హక్కులు, ఒప్పందం

భారత చట్టంలో ఒక మెలిక ఉంది, దాన్ని తెలియక నష్టపోయే స్టూడియోలు ఎక్కువ. నమోదు చేయదగ్గ డిజైన్‌ను నమోదు చేయకుండా వదిలేసి, పారిశ్రామిక పద్ధతిలో దాన్ని 50 సార్లకు మించి తయారుచేస్తే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. మిగిలేది 2000 డిజైన్ల చట్టం కింద చేసే నమోదే. అది పదేళ్లు ఉంటుంది, మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. నమోదుకు దరఖాస్తు చేసేలోగా డిజైన్ ఎక్కడా బయటపడి ఉండకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన స్వాచ్ ఫొటో కూడా బయటపెట్టినట్టే.

ప్రోగ్రామ్ ఫైలు ఎవరి దగ్గర ఉండాలన్నది మరో ప్రశ్న. స్టోల్ అనే మరో కంపెనీ మెషీన్‌కు రాసినది షిమా సెయికి మెషీన్ మీద నడవదు. ఒకే కంపెనీ మెషీన్లలో కూడా టెన్షన్, నూలు మారితే ఫలితం మారుతుంది. కాబట్టి ఫైలును అప్పగించినంత మాత్రాన గుడ్డను అప్పగించినట్టు కాదు. ఫైలు స్టూడియో దగ్గరే ఉంచి, తయారీకి వాడుకునే అనుమతి మాత్రమే ఇవ్వడం మంచి పద్ధతి. దానితో పాటు ఒప్పుకున్న ముక్కను రెండుగా కోసి, సంతకాలు పెట్టి, చెరొకటి భద్రపరచుకోవాలి.

ప్రత్యేక హక్కులు అడిగితే రంగాన్ని బట్టి విడదీసి ఇవ్వండి. ఫ్యాషన్ డిజైనర్‌కు దుస్తుల్లో ఒక సీజన్, లేదా రెండు సీజన్లు. ఫర్నిచర్ కంపెనీకి ఫర్నిచర్‌లో కొన్నేళ్లు. ఇటలీలో ఓటావియో, రోసీటా మిస్సోనీ 1953లో ప్రారంభించిన సంస్థ జిగ్‌జాగ్ అల్లికలు దుస్తుల మీదా, మిస్సోనీ హోమ్ పేరుతో ఇళ్లలోనూ చలామణీ అయ్యాయంటే, ఆ రూపం ఒక రంగానికే తాకట్టు పడకపోవడం వల్లే.

డబ్బు ఆలస్యం గురించి: ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ సంఖ్య వేయడం మరిచిపోవద్దు.

## మీ పరిస్థితిని బట్టి

చదువు ముగించి, ఇంటి మెషీన్ ఒక్కటే చేతిలో ఉన్నవారు స్వాచ్‌లతో గడుపుకుంటూ, తమ నగరంలోనే ఉన్న ఒక ఫ్యాషన్ డిజైనర్‌తో నాలుగైదు దుస్తుల చిన్న కలెక్షన్ చేయడం మంచిది. దగ్గరగా ఉంటే స్కెచ్ దశలోనే పిలుపు వస్తుంది. ఫర్నిచర్ వైపు ఈ దశలో వెళితే పరీక్షల దగ్గరే ఆగిపోయే అవకాశం ఎక్కువ.

ఒకటి రెండు కంప్యూటర్ ఫ్లాట్ మెషీన్లు, ప్రోగ్రామర్, నిలకడగా జాబ్ వర్క్ ఉన్న స్టూడియోకు నా సలహా ఫర్నిచరే. ఆలస్యాన్ని తట్టుకునే ఆదాయం ఉంది, ఆకారాన్ని అల్లగల మెషీన్ ఉంది. సోఫాతో కాకుండా కుర్చీ వీపుతోనో, స్టూల్‌తోనో మొదలుపెట్టండి. బెడ్ వెడల్పు సరిపోతుంది, సాగుడు ఒక్క చోటే అదుపు చేయాలి.

నేర్పరులైన చేతి అల్లిక బృందం ఉన్నవారు మీటర్ల ఆర్డర్ల ఆశకు లొంగవద్దు. వారి బలం ఉన్నది పరిమిత సంఖ్యలోనే.

ఇక డిజైనర్లకు. మీరు ఫ్యాషన్ డిజైనర్ అయితే, ఫలానా ఫొటోలో ఉన్నట్టు కావాలని పంపే బదులు, దుస్తు ఏ చోట బిగుతుగా, ఏ చోట వదులుగా ఉండాలో గీసిన బొమ్మను పంపండి. లూప్ పొడవుకు పనికొచ్చే సమాచారం అదే. మీరు ఫర్నిచర్ డిజైనర్ అయితే, ఫ్రేమ్ ఇంకా కాగితం మీదున్నప్పుడే స్టూడియోతో ఒక పూట కూర్చోండి. అత్యంత పదునైన వంపు, తొడుగు లోపలికి వెళ్లే నోరు, ఉతకడానికి విప్పాలా వద్దా అన్న మూడు విషయాలు ఆ పూటే తేల్చుకుంటే, ఫ్రేమ్ గొట్టం మలుపును కొద్దిగా గుండ్రం చేయడమో, తొడుగు నోటిని ఫ్రేమ్ అడుగుకు మార్చడమో ఒక్క పెన్సిల్ గీతతో సరిపోతుంది. అచ్చు తయారయ్యాక అదే మార్పుకు అచ్చును మళ్లీ చేయించాలి.